ప్లాస్టరుభంగము అనెడి గ్రైండరు విజయము

పౌలురాజుగారి చేతికి మొట్టమొదట తెల్ల ప్లాస్టరు చుట్ట అందించిన మహానుభావుడెవరో గాని, ఆయనను క్షమించుటతో ఈ వీరగాథ ఆరంభమగుచున్నది. క్షమింపక చేయునదేమి? ఇరువది రెండేండ్లుగా ఆసుపత్రిలో నర్సింగు సూపర్‌వైజరై, రోగుల గాయములకు కట్లు కట్టి కట్టి, లోకమంతయు గాయపడియే యున్నదని ఆయనకు గట్టి నమ్మకము కుదిరిపోయినది. కళ్లజోడు విరిగిన ప్లాస్టరు. రిమోటు వీపు ఊడిన ప్లాస్టరు. బాత్రూము కొళాయి కారిన ప్లాస్టరు; మరునాడును కారిన, దానిపై మరియొక ప్లాస్టరు. ఒకప్పుడు జలుబు చేసి భార్య రెబ్కాకు ముక్కు కారుచుండగా, ఆయన చేయి అలవాటుగా జేబులోనికి పోవుట చూచి, ఆ ఇల్లాలు "నాకు తగ్గిపోయిందండీ" అని తత్‌క్షణమే స్వస్థత పొందినది.

అట్టి వీరుని ఇంట జరిగిన మహాసంగ్రామమును వినుడు.

కాలమా, డిసెంబరు నెల రెండవ శనివారము, ఉదయము ఆరు గంటలు. హేమంతహిమధూమసమ్మిశ్రితఘనతిమిరావృతమై, ఎదుటి టవరు ఉన్నదో లేదో దాని మెయింటెనెన్సు సంఘమునకే తెలియని వేళ. దేశమా, ఆకాశచుంబిసౌధసహస్రసంకులమై, సెక్యూరిటీగార్డు ఈలలతో ప్రతిధ్వనించుచు, ఢిల్లీకి ఆనుకొనియు ఢిల్లీ కాక, ఊరి చుట్టములతో ఫోనులో మాత్రము "ఢిల్లీలోనే ఉంటున్నాం" అని చెప్పబడుచుండు ఇందిరాపురము. అందొక అపార్టుమెంట్ల సొసైటీ. అందేడవ అంతస్తు. ఆ ఇంటి బాల్కనీ మూలను, ఇనుపజాలికి కట్టబడి, మంచును చీల్చుకొని ఎర్రగా వెలుగుచున్నది అయిదడుగుల క్రిస్మసు నక్షత్రము.

ఆ నక్షత్రము పౌలురాజుగారి సొంత సృష్టి. నరసాపురములో తన తండ్రి కట్టినట్లే వెదురుబద్దలు వంచి, ఎర్రకాగితము అంటించి, ఏటేటా డిసెంబరు ఒకటవ తేదీన ఆయన దానిని ప్రతిష్ఠించును. ఈ యేడు గేటు నుండి చూచువారికి కూడ కనబడవలెనని దానిని మూలకు జరుపగా, తీగ చాలలేదు. చాలని చోట ఆగునా వీరుడు? అటకపైన చచ్చి పడియున్న టేబులుఫ్యాను తీగను కోసి తెచ్చి, రెండిటిని మెలివేసి, ఆ మెలికకు తెల్లని ప్లాస్టరు చుట్టెను. పదవ తరగతి చదువు కుమార్తె అబిగెయిల్ చూచి, "డాడీ, ఇస్‌కే లియే కాలా వాలా టేప్ ఆతా హై నా?" అని అడిగెను. కరెంటుకు నల్లటేపు ఉండును గదా అని ఆ బాలిక సందేహము. దానికా మహారథుడు, "ఇది మెడికల్ గ్రేడ్ అమ్మా! పసిపిల్లల చర్మానికే వాడతారు. ఇంతకన్నా సేఫ్ ఏముంటది?" అని సెలవిచ్చెను.

అట్లు పదిరోజులు గడిచినవి. ఇక నేటి కథ.

వంటింటి గట్టుపై, పెండ్లినాటి నుండి నేటివరకు ఒక్కనాడును ఎదురు చెప్పక తిరిగిన గ్రైండరు, రెండు కిలోల మినపపప్పును ఘుర్ఘురధ్వానముతో మర్దించుచున్నది. సాయంకాలము అయిదింటికి ఇంట ప్రార్థన కూడిక. ప్రక్క కాలనీలైన వైశాలి, వసుంధరల నుండి ముప్పదిమంది తెలుగువారు వత్తురు. వారు ప్రార్థనకు వత్తురన్నది నిజమే. రెబ్కా గారెలకు కూడ వత్తురన్నది అంతకన్న తక్కువ నిజమేమియు కాదు. పప్పు సగము నలిగినది. రెబ్కా నీళ్లు చిలకరింప చేయి చాచినది.

టప్.

ఇల్లంతయు చీకటి. గ్రైండరు ఒక నిట్టూర్పు విడిచి ఆగినది.

కంబళి ఉత్తరీయముగా, మంకీక్యాపు కిరీటముగా, ఫోను టార్చి దివ్యాస్త్రముగా ధరించి, పౌలురాజుగారు రంగప్రవేశము చేసెను.

"మళ్లీ పడేసిందా?"

"ఎవరండీ?"

"ఇంకెవరు? నీ గ్రైండరు! సోమవారం పడేసింది, బుధవారం పడేసింది, ఇవాళ పడేసింది."

"గురువారం కూడా పడిందండీ. ఆవేళ నేను రుబ్బలేదు."

"ప్లగ్గు పెట్టుందా లేదా?"

"పెట్టుంది. స్విచ్చే వెయ్యలేదు."

"ప్లగ్గుంటే చాల్లే. దానికి అలవాటైపోయింది."

ఇట్లు తీర్పు చెప్పి ఆయన నిత్యకృత్యమును ఆరంభించెను. మొదట, తెల్లవారవచ్చినది గనుక బాల్కనీ నక్షత్రము స్విచ్చు ఆర్పెను. పిమ్మట గ్రైండరు ప్లగ్గు పీకెను. అటు పిమ్మట తలుపు వెనుకనున్న తెల్లడబ్బా మూత తెరచెను.

ఆ డబ్బాలో కొలువుండువారిని గూర్చి రెండు మాటలు. వరుసగా నిలిచిన చిన్న స్విచ్చులు ఎంసీబీలు అను కాల్బలము. తీగ తీగను తాకి షార్టయిన, మోయలేని బరువు పడిన, తమ గదికి కరెంటు కోసి తాము పడిపోవును. వారి సేనాధిపతి ఆర్‌సీసీబీ అను పెద్ద స్విచ్చు. ఇంటిలోనికి పోయిన కరెంటు పోయినంతయు తిరిగి వచ్చుచున్నదా అని రెప్పవేయక కాచుకొని యుండి, అందు ముప్పది మిల్లీయాంపియర్లు దారితప్పి ఏ ఇనుములోనికో ఎవరి ఒంటిలోనికో జారినచో, కనురెప్ప పడునంతలో తాను పడి ఇంటివారిని నిలబెట్టు త్యాగమూర్తి. పడినవాడు ఎందుకు పడినాడో అడుగక, లేపి నిలబెట్టుటయే పౌలురాజుగారి విధానము. లేపెను. నిలిచినది. ఇంట వెలుగు వచ్చినది.

"చూశావా? గ్రైండరు పీకాను, నిలబడింది!"

నక్షత్రము కూడ ఆర్పితిరి గదా అని రెబ్కా అనలేదు. నరసాపురము కళాశాలలో ఆమె బీయస్సీ ఫిజిక్సు చదివినదన్న సంగతి ఆ ఇంట ఆమెకును, బీరువాలోని పట్టాకును మాత్రమే గుర్తున్నది.

"పదకొండింటికి తేజ్‌పాల్‌ని రమ్మన్నాను," అని ఆయన కొనసాగించెను. తేజ్‌పాలనగా ఆ సొసైటీవాసులందరి ఎలక్ట్రీషియను. "ఈ పెద్ద స్విచ్చు తీసేసి డైరెక్ట్ చేయించేస్తా. దీనికి పడే రోగం పట్టుకుంది. సాయంత్రం పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తుంటే స్టార్ ఆరిపోయిందనుకో, నా పరువేం గాను? ఆ గ్రైండరు పాతసామాన్ల కబాడీవాడికి ఇచ్చెయ్."

"మరి పప్పు?"

"మిక్సీలో వేసెయ్."

మిక్సీలో! గారెల పప్పు! మిక్సీలో! ఆ మాట చెవిని బడినంతనే రెబ్కా అంతరంగమున ప్రళయఘోష పుట్టినది. "ఓరీ శ్వేతపట్టికాధురంధరా! సకలవస్తుగాయచికిత్సావిచక్షణా! కావలివాడు అరచుచున్నాడని కావలివానిని వెళ్లగొట్టు మహారాజా! నా గ్రైండరును వెడలనంపినచో, ఆ చోట పెట్టుటకు నీకు వేరొక మిక్సీ లేదు, వేరొక భార్య అంతకన్న లేదు. నేడు సూర్యుడు అస్తమించులోపల ఈ అభియోగమును నీ నోటనే రద్దు చేయింపనిచో నేను రెబ్కానే కాను!" అని సింహగర్జన చేయదలచి, గొంతు సవరించుకొని, ఆమె పలికినది ఇది:

"వైశాలి నుంచి కుర్చీలు తేవాలన్నారుగా. బయల్దేరండి, ట్రాఫిక్ పెరిగిపోద్ది."

ఎనిమిదింటికి వీరుడు కుర్చీలవేటకు వెడలెను. మంచు ఇంకను విడలేదు. రెబ్కా కాలికి రబ్బరు చెప్పులు తొడిగి, చేతులు పొడిగుడ్డతో తుడుచుకొని, చీర కొంగు నడుమున దోపి, తెల్లడబ్బా ఎదుట నిలిచినది. రజాయి చుట్టుకొని అబిగెయిల్ వచ్చెను.

"మమ్మీ, క్యా కర్ రహీ హో?"

"యుద్ధం."

"బ్రేక్‌ఫాస్ట్ కే బాద్ నహీఁ హో సక్‌తా?"

టిఫిను అయిన పిమ్మట చేయరాదా అని ఆ పిల్ల మొర. కాదని తల్లి తల యూపినది. పిమ్మట జరిగినది నిరాయుధీకరణము. టీవీ ప్లగ్గు ఊడినది. ఫ్రిజ్జు ప్లగ్గు ఊడినది. హీటరు, మిక్సీ, ఫోను చార్జర్లు ఒక్కొక్కటిగా ఆయుధములు పారవేసినవి. వైఫై డబ్బా వంతు వచ్చినప్పుడు అబిగెయిల్ చేసిన విలాపము ఏడు అంతస్తులు దిగి గేటు దాక వినబడినది. రణరంగమున కరుణకు తావు లేదు. చిన్న స్విచ్చులన్నియు దించి, పెద్దదానిని ఎత్తి, మరల చిన్నవాటిని ఒక్కొక్కటిగా ఎత్తసాగెను. పడకగది నిలిచినది. వంటగది నిలిచినది. హాలు, బాల్కనీ నిలిచినవి. తరువాత ప్లగ్గులు, ఒకటి పెట్టి వేసి చూచుట, అది నిలిచిన మరియొకటి. తొందరపడిన తప్పించుకొనును శత్రువు.

గ్రైండరు వంతు వచ్చినది. రెబ్కా ప్లగ్గు పెట్టి, ఒక్క క్షణము దాని వీపు నిమిరి, స్విచ్చు వేసినది. ఘుర్రున తిరిగినది! అయిదు నిముషములు, పది నిముషములు; మిగిలిన పప్పంతయు వెన్నవలె నలిగి గిన్నెకెక్కువరకు అచంచలముగ తిరిగినది. తెల్లడబ్బాలో ఒక్కడును కదలలేదు.

"గ్రైండర్ తో ఇన్నోసెంట్ నిక్లా," అని గ్రైండరు నిర్దోషిత్వమును అబిగెయిల్ ప్రకటించెను.

ఇక మిగిలినది ఒక్కటే. రెబ్కా హాలులోనే నిలిచి బాల్కనీ నక్షత్రము స్విచ్చు వేసినది. టప్. లేపి మరల వేసినది. టప్. మూడవసారి అవసరము లేదు. అయినను వేసినది, మనసునకు హాయిగా నుండునని. టప్.

స్విచ్చు ఆర్పి, ప్లగ్గు పీకి, ఆమె బాల్కనీలోనికి నడచినది. తెల్లకట్టు మంచుకు నాని, ఉబ్బి, వాచిన వేలివలె ఇనుపజాలిపై ఆనుకొని యున్నది. దానినుండి బొట్టు బొట్టుగా నీరు జాలిపైకి కారుచున్నది. ఆ ప్లాస్టరు గుణమే అది. కట్టు క్రింద చర్మమునకు గాలి ఆడవలెనని దానిని సన్నని బెజ్జములతో చేయుదురు. గాలి పోవు దారిని మంచు కూడ పోవును. రోగికి అమృతము, తీగకు విషము.

వెనుకనే వచ్చిన అబిగెయిల్ జాలిపై ఆరవేసిన తన బడి ట్రాక్‌సూటు తీయబోయి, "ఆజ్ చీంటీ నే నహీఁ కాటా," అనెను.

"ఏ చీమే?"

"రోజ్ సుబహ్ కాట్‌తీ హై. యహాఁ, జాలీ పే హాథ్ లగాతే హీ. ఛోటీ-సీ."

రోజూ ఉదయము, ఈ జాలిని ముట్టగానే, చిన్న చీమ కుట్టినట్లు. రెబ్కా మనసున అంతవరకు మ్రోగుచున్న రణభేరులన్నియు ఒక్కసారి ఆగిపోయినవి. కూతురి చేయి తీసికొని, తిప్పి తిప్పి చూచి, తన చేతులలో గట్టిగా పెట్టుకొన్నది. మంచునీళ్లు తాగిన ఆ కట్టులోనుండి కొంచెము కొంచెముగా ఇనుములోనికి కారుచున్న కరెంటు, ఆ పిల్లను చీమవలె కుట్టుచున్నది. ఆ చీమ పాము కాకుండ కాచుచున్నది తలుపు వెనుకనున్న ఆ పెద్ద స్విచ్చు ఒక్కటే. దానిని పదకొండింటికి తీసివేయబోవుచున్నారు.

"ఇవాళ్టి నుంచి ఈ జాలి ముట్టుకోకు," అన్నది రెబ్కా. ఆ మాటలో సమాసము ఒక్కటియు లేదు.

పదకొండు గంటలయినది. ద్రోహి యెవడో చెప్పుడు? సూర్యుడు! వారము దినములుగా ముఖము చూపని వాడు, సరిగా నేడు, సరిగా ఇప్పుడు, మంచు విడగొట్టుకొని బాల్కనీలోనికి వచ్చి, సాక్ష్యమును ఆరబెట్టసాగెను. ముప్పది ప్లాస్టిక్కు కుర్చీలతోను, తేజ్‌పాల్‌తోను పౌలురాజుగారు విచ్చేసెను.

"స్టార్ వల్ల పడుతుందండీ, గ్రైండరు కాదు," అన్నది రెబ్కా. "పొద్దున్న చూశాను."

"స్టారా?" ఆయన నవ్వి, ప్లగ్గు పెట్టి, స్విచ్చు వేసెను. నక్షత్రము ఎర్రగా వెలిగినది. అందరు వేచిరి. నిముషము. రెండు నిముషములు. ఏమియు పడలేదు. మాధ్యాహ్నికమార్తాండుని అండ గల వాని వలె పౌలురాజుగారు రొమ్ము విరిచెను. "ఏదీ? ఎక్కడ పడింది? నేను కట్టిన స్టార్ అది!"

"భాభీజీ, యే స్విచ్ హీ నాజుక్ హై," అని తేజ్‌పాల్ తెల్లడబ్బా మూత విప్పసాగెను. సుకుమారమైన స్విచ్చట! "డైరెక్ట్ కర్ దేతా హూఁ. కోయీ టెన్షన్ నహీఁ."

మొదటి మర ఊడినది. రెండవ మరపై స్క్రూడ్రైవరు ఆనినది.

"భయ్యా, ఏక్ మినిట్."

రెబ్కా వంటింటిలోనికి పోయి నీళ్ల మగ్గుతో వచ్చినది. నక్షత్రము స్విచ్చు ఆర్పినది. ప్లగ్గు పీకినది. బాల్కనీలోనికి పోయి, ఆ తెల్లకట్టుపై, పసిబిడ్డకు తలంటి పోయునంత ఓపికగా, మగ్గెడు నీళ్లు పోసినది. లోనికి వచ్చి, చేతులు తుడుచుకొని, బాల్కనీ తలుపు మూసి, ప్లగ్గు పెట్టి, పక్కకు తొలగి నిలిచినది.

"ఇప్పుడు మీరే వెయ్యండి."

భర్త భార్యను చూచెను. తేజ్‌పాల్ మగ్గును చూచెను. అబిగెయిల్ ఫోను పైకెత్తి వీడియో తీయసాగెను. పౌలురాజుగారు వేసెను.

ఫట్! బాల్కనీలో నీలిమెరుపొకటి మెరిసి, తెల్లకట్టు నుండి సన్నని పొగ లేచినది. తెల్లడబ్బాలో పెద్ద స్విచ్చు పడినది. అది చాలదన్నట్లు బాల్కనీ ఎంసీబీ కూడ దానితో పాటు నేలకూలినది.

"నీళ్లు పోస్తే ఏదైనా పడుద్ది!" అని ఆయన ఓడిన కోటలోనుండి చివరి బాణము వేసెను.

"మంచంటే నీళ్లు కాదేంటండీ?"

తేజ్‌పాల్ ప్లగ్గు పీకించి, కట్టు కోసెను. పొరపై పొర, పొరపై పొర. లోపల రెండు తీగలు తొడుగు లేకయే ఒకదాని ప్రక్క నొకటి పడుకొని, పచ్చగా చిలుమెక్కి యున్నవి. ఒక ప్రక్క ప్లాస్టరు కాలి గోధుమరంగు తిరిగినది. అతడు దానిని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకొని, మిక్కిలి వినయముగ అడిగెను:

"సర్‌జీ, చోట్ కిస్‌కో లగీ థీ?"

గాయము ఎవరికి తగిలినది సారూ అని. ఎవరును నవ్వలేదు, అబిగెయిల్ ఒక్కతె దగ్గినది.

"మొన్న ఏప్రిల్‌లో మీ ఆసుపత్రిలో ఫైర్ సేఫ్టీ క్లాసు చెప్పారు కదండీ," అన్నది రెబ్కా మెల్లగా. "ఆ స్లయిడ్లు టైపు చేసింది నేనే. మూడోది ఏంటో గుర్తుందా? ఆరుబయట తీగలకి అతుకులు వద్దు. తప్పకపోతే తడి తగలని చోట, సరైన టేపు. అది చదివితే అందరూ చప్పట్లు కొట్టారని మీరే చెప్పారు." ఆగి, అంతకన్న మెల్లగా, "అబ్బీకి రోజూ ఆ జాలి దగ్గర చీమ కుడుతుందంట," అన్నది.

ఆయన నర్సు. కరెంటు కొట్టినవారిని స్ట్రెచరుపై తెచ్చుట ఇరువది రెండేండ్లుగా చూచినవాడు. ముఖము తెల్లబడినది, ప్లాస్టరుకన్న తెల్లగా. కూతురి వైపు చూచెను, జాలి వైపు చూచెను, జేబులోని ప్లాస్టరు చుట్టను తీసి టీవీ పక్కన పెట్టెను.

"తేజ్‌పాల్, ఆ స్విచ్ తియ్యకు. అలాగే ఉంచు," అనెను. అంతే. తప్పు తనదన్న మాట మాత్రము వైశాలి ట్రాఫిక్కులోనే చిక్కుకొన్నది.

మధ్యాహ్నము ప్లగ్గు నుండి నక్షత్రము వరకు అతుకు లేని ఒకే తీగ వచ్చినది. ఇనుమును తాకకుండ ప్లాస్టిక్కు గొట్టములో దూరినది. పెద్ద స్విచ్చు మీది 'టెస్ట్' బొత్తామును రెబ్కా నొక్కి చూచినది. టప్ అని పడినది, ఆరోగ్యముగా. నెలకొకసారి నొక్కవలెనని క్యాలెండరుపై రాసి పెట్టినది, ఎవరి వంతో కూడ.

సాయంకాలము నక్షత్రము గేటు దాక వెలుగుచుండగా ముప్పదిమంది చేరిరి. పాటలు అయినవి, ప్రార్థన అయినది. సాక్ష్యముల వేళ వచ్చినది. ఏటేటా ఈ వేళ పౌలురాజుగారు లేచి దేవుడు తనకు చేసిన మేలులను చెప్పుట ఆచారము. లేచెను.

"ఈ వారం మా ఇంట్లో కరెంటు విషయంలో... ఒక చిన్న పొరపాటు జరిగింది."

ఘుర్రుమని వంటింటిలో గ్రైండరు మ్రోగినది. కొబ్బరి పచ్చడి. ఆయన ఆగెను. గ్రైండరు కూడ ఆగెను.

"అంటే, స్టార్ వైర్లలో ఒక లోపం... బయటపడింది."

ఘుర్ర్ర్.

"అమ్మా రెబ్కా, చట్నీ ఇంకా అవలేదా?" అని అయ్యగారు పిలిచెను.

"అయిపోవచ్చిందండీ అయ్యగారూ!" అని లోపలినుండి అత్యంత మధురముగ సమాధానము వచ్చినది. "ఆయన్ని కానివ్వండి, నేను చూసుకుంటాను."

అబిగెయిల్ తండ్రి వైపు చూచి కనుబొమలెత్తెను. పౌలురాజుగారు వంటింటి తలుపు వైపు చూచెను. అందు, కొంగు నడుమున దోపి, ఒక చేయి గ్రైండరు స్విచ్చుపై నుంచి, ఆయన ఇల్లాలు శాంతముగ నిలిచి యున్నది. అప్పటికి నూటనలుబది గారెలు వేగినవి, మిక్సీ మొగము చూడనివి. ఇంట దీపములన్నియు వెలుగుచుండెను. తెల్లడబ్బాలో ఒక్క వీరుడును పడలేదు. ఆసేతుహిమాచలపర్యంత ప్రజలారా, వినుడు: వంటింటి గట్టుపై రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల భూభాగము శత్రువుల పాలు కాక గ్రైండరు ఏలుబడిలోనే నిలిచినది. మిగిలినది లొంగుబాటు ప్రకటన ఒక్కటే.

ఆయన మంకీక్యాపు తీసి చేత పట్టుకొనెను.

"పొరపాటు జరగలేదండీ. నేనే చేశాను. స్టార్‌కి ప్లాస్టరు చుట్టింది నేను, నింద గ్రైండరు మీద వేసింది నేను. రెబ్కా చెప్పింది కరెక్టు. తప్పు నాదే."